పొగ పైకి పోని బాయిలర్

ఆదివారం తెల్లవారగానే శ్రీశైలం సారు పెట్టుకున్న పని ఒక్కటే: అక్క నిర్మలమ్మ స్నానానికి వేడినీళ్లు కాచడం. పని చిన్నదే. భార్య భాగ్యశ్రీ ఏడాది మాసికానికి వచ్చిన అక్క, నాలుగు రోజులు చన్నీళ్లు పోసుకుని నిన్న తేల్చి చెప్పింది.

"నీళ్లు గూడ కాగబెట్టుకోలేనోనివి, ఒక్కనివి ఎట్లుంటవ్ తమ్మీ? రేపు పొద్దుగాల నాకు వేడినీళ్లు పెట్టు, నీ ఇంట్ల నువ్వుండు. లేకుంటే తొమ్మిది గంటల బస్సుకు ఇద్దరం మహబూబ్‌నగర్ మా ఇంటికి పోవుడే."

కేతేపల్లిలో ఆ ఇల్లు విడిచిపోవడం సారుకు ఇష్టం లేదు. ఎందుకో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పెరట్లో స్నానాల గది గోడ పక్కన నిలువెత్తు రాగి బాయిలర్ ఉంది. కింద పొయ్యి, పైన నీళ్లు, నీళ్ల నడుమ నుంచి పైకి పోయే పొగగొట్టం. ఆరు గంటలకు సారు కట్టెలు పెట్టి అంటించాడు. పొగ గొట్టంలోంచి పోకుండా పొయ్యి మూతిలోంచి ఆయన ముఖంలోకి వచ్చింది. దసరా నుంచి ఇదే తంతు.

ఇరవై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్న మనిషి కనుక, గాలి చాలడం లేదని కనిపెట్టాడు. ఊదుగొట్టం తీసుకుని ఊదాడు. కాసేపటికి ఆయనకూ గాలి చాలలేదు.

ప్రహరీ మీదుగా మోటారు మెకానిక్ మల్లేష్ తొంగిచూశాడు. "గొట్టం పొట్టిగుంది సారూ. పొడుగైతే పొగను గుంజుతది. జర ఆగుండ్రి."

అయిదడుగుల ప్లాస్టిక్ పైపు తెచ్చి గొట్టానికి తొడిగాడు. పైపు కాసేపు నిటారుగా నిలబడి, వేడికి మెత్తబడి, గింజ పట్టిన జొన్నకంకిలా వంగిపోయింది.

"ఫికర్ జెయ్యకుండ్రి. గాలే గద కావాలె?" అని దాన్ని ఊడబెరికి, ఈసారి వడ్లు తూర్పారబట్టే పంకా తెచ్చి పొయ్యి ముందు పెట్టాడు. గాలి లోపలికి పోయింది. పోయినంత వేగంగా పొగను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చింది. స్నానాల గది కిటికీలో దూరి, ఇల్లంతా తిరిగి, వంటింటి పెంకుల సందుల్లోంచి ఆకాశానికి లేచింది. మొత్తానికి పొగ పైకి పోయింది, బాయిలర్‌లోంచి మాత్రం కాదు.

"సారు ఇల్లు అంటుకున్నది! ఉరుకుండ్రి!" అని వీధిలో ఎవరో అరిచారు. ముప్పైమంది బిందెలతో ఉరికొచ్చారు.

"ఇల్లు కాలుతలేదయ్యా, నీళ్లు కాగబెడుతున్న," అని సారు చెబుతూనే ఉన్నాడు. వాళ్లు పొయ్యి మీద పోశారు, పంకా మీద పోశారు, దగ్గుకుంటూ తువ్వాలతో బయటికొచ్చిన నిర్మలమ్మ మీద పోశారు. ఆ విధంగా ఎనిమిదింబావుకు ఆమె స్నానం అయింది.

"తమ్మీ, సంచి సదురుకో," అంది ఆమె, పళ్లు టకటకలాడుతుండగా.

సారు లోపలికి పోయి రెండు చొక్కాలు మడతపెట్టాడు. మూడోది మడతపెడుతుంటే పెరట్లోంచి పిలుపు వినిపించింది. బయటికొచ్చి చూస్తే అందరూ వెళ్లిపోయారు, వెనకింటి బాలనర్సమ్మ ఖాళీ గంపతో నిలబడి ఉంది.

"సారూ, జర బూడిద ఉన్నదా? చిక్కుడుకు పేను వట్టింది."

"బూడిదా?"

"భాగ్యమ్మ ఉన్నన్ని దినాలు దినాం నేనే తీస్కపోతుంటి. ఆమె పోయినంక అడుగుదామంటే నోరు రాకపాయె."

ఆమె వంగి, కట్టెలు పెట్టే జాలీ కిందున్న చిన్న తలుపు తెరిచింది. సారు ఏడాదిగా ఆ తలుపును చూస్తున్నాడు గానీ తెరవలేదు. బూడిదతో గంప నిండింది. కుమ్మరించి వస్తే మళ్లీ నిండింది. అప్పుడు అడుగు కనిపించింది. ఆమె ఎండు పత్తికట్టె పెట్టి అగ్గిపుల్ల గీసింది. కింది తలుపులోంచి గాలి దూరి మంట బుస్సున లేచింది. పొగ బుద్ధిగా గొట్టం దారి పట్టింది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా నీళ్లు మరిగాయి. నిర్మలమ్మ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది. తొమ్మిదిన్నరకు ఆమె బయటికొచ్చి, తమ్ముడి సంచిలోంచి చొక్కాలు తీసి దండెం మీద వేసింది.

సారు ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నేనీడనే ఉండాల్నా అక్కా?"

"ఉండకేం? మా గీజరు నీళ్లకు మోకాళ్ల నొప్పి పోతలేకుండె. గీ నీళ్లకు పోయింది," అంటూ ఆమె తన సంచి కూడా విప్పింది. "నేను గూడ ఉగాది దాక ఈడనే ఉంట."

ఉగాదికి ఇంకా నాలుగు నెలలున్నాయి. సారు గొడ్డలి అందుకుని కట్టెల వైపు నడిచాడు.