ప్రాసెసరు మీద పనిభారం

ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ ఏ కార్యక్రమాన్నీ అది వస్తున్న వేళకు చూడరాదని, అలా చూడటమంటే ప్రకటనల కంపెనీల కాళ్ల మీద పడటమేనని సెక్షన్ ఆఫీసరుగారు హాలు మధ్యలో నిలబడి ప్రకటించారు. సభకు భార్య, అత్తగారు, కూతురు హాజరయ్యారు. భార్య చేతిలో గరిటె ఉంది, కూతురి నోట్లో పెన్సిలు ఉంది, అత్తగారికి సరిగా వినపడలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. అరగంట కార్యక్రమంలో సగం సబ్బులూ బనియన్లే మింగేస్తున్నాయి. అందుకని ఆయన మెట్ల కింద అరలో ఒక కంప్యూటరును కొలువుదీర్చి, దానికి సర్వరు అని పేరు పెట్టారు. టీవీలో వచ్చేవన్నీ అది రికార్డు చేసుకుంటుంది. తర్వాత మొదటి నుంచి చివరిదాకా ఒక్కో బొమ్మనూ పరీక్షించి ఇది కథ, ఇది ప్రకటన అని తేల్చి, ప్రకటనలను దాటించి మనకు కథ ఒక్కటే చూపిస్తుంది. కాసిని ప్రకటనలు తప్పించుకోవడానికి రెండు మూడు గంటలు కాచుక్కూర్చోవాలి, అంతే. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లకు సైన్సు ఎందుకండీ?

చిక్కల్లా ఈ తేల్చే పనంతా సర్వరులో ఉన్న ప్రాసెసరు నెత్తిన పడటంతో వచ్చింది. అత్తగారి ఆరోగ్య సలహాలు, కూతురి బొమ్మల సినిమాలు, ఆయనగారి రాజకీయ చర్చలు, భార్య సీరియల్ అన్నీ కట్టకట్టుకుని మీద పడేసరికి అది పెనంలా కాగిపోయింది. తెర మీద దాని పనిభారం చూపించే ఎర్రగీత పైకి లేచింది. ఆఫీసరుగారి గుండె తరుక్కుపోయింది.

"నూటికి నూరు శాతం పనిచేస్తోందా! అమ్మో, ఎవరైనా అంత పని చేస్తారా?" అన్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన తమ ఆఫీసులో అటువంటి ఘోరం చూసి ఎరగరు.

బల్ల మీదికి వచ్చిన ఏ ఫైలునూ తొందరపెట్టి నొప్పించని దయామయుడని ఆఫీసులో ఆయనకు పేరు. ఆ అనుభవాన్నంతా రంగరించి తక్షణ చర్యలు చేపట్టారు. మొట్టమొదట హాల్లోని టేబుల్ ఫ్యాను తీసుకుపోయి అర ముందు పెట్టారు.

"ఉక్కపోతకి చచ్చిపోతున్నాను నాయనా" అన్నారు అత్తగారు, పమిట చెంగుతో విసురుకుంటూ.

"మీరు ఓర్చుకోగలరు అత్తయ్యగారూ. అది ఓర్చుకోలేదు" అని ఆయన నచ్చజెప్పారు.

ఆపైన ఒకేసారి రెండు కార్యక్రమాలు పరీక్షించరాదన్నారు. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. చర్చలు పాతబడితే దేశం ఏమైపోతుందో తెలియదు కాబట్టి వాటికి అగ్రస్థానం. భార్య సీరియల్ ఎక్కడికీ పోదు కాబట్టి దాన్ని పెండింగులో పెట్టారు. మధ్యాహ్నం ప్రాసెసరుకు విశ్రాంతి ఇచ్చారు. అర దగ్గర ఎవరూ గొంతు పెంచరాదన్నారు. దీనికి సాంకేతిక కారణమేమీ లేదు, మర్యాద. ఆఖరికి పక్కనున్న వంటింటి నుంచి వేడి వస్తోందని కనిపెట్టి, వంటింటి తలుపు మూయించారు. తలుపు అవతల పొయ్యి ఉంది. పొయ్యి ముందు భార్య ఉంది.

ఆవిడ పగలంతా మందుల షాపులో బిల్లులు కొట్టి వచ్చి, ఇంటిపనిలో దిగుతుంది. ఆవిడ ఎంత శాతం పనిచేస్తోందో చూపించే గీత ఏ తెర మీదా రాదు. అందువల్ల ఆ విషయంలో ప్రభుత్వానికి సమాచారం లేదు.

"ఏమండీ, శుక్రవారం నా సీరియల్ ఆఖరి భాగం" అందావిడ ఒకరోజు. "ఏళ్ల తరబడి చూస్తున్నా. ఆ అత్త కోడలికి క్షమాపణ చెబుతుందో లేదో ఆ రోజే చూడాలి. మర్నాడు షాపుకెళ్తే అందరూ చెప్పేస్తారు. అదొక్కటీ చూపించండి, ఇంకేమీ అడగను."

"నువ్వు అడగాలటే! ఒక్క ప్రకటన ముక్క కనపడితే నా పేరు మార్చుకుంటా" అన్నారాయన.

శుక్రవారం సాయంత్రం ఆవిడ పనులన్నీ పరుగుల మీద చేసి, పొయ్యి మీద పాలు పెట్టి, సోఫాలో కూర్చుంది. అవతల ప్రాసెసరు చర్చలో ఇరుక్కుపోయి ఉంది. ఆరుగురు ఒక్కసారే అరుస్తుంటే అందులో చర్చ ఏదో, పురుగుల మందు ప్రకటన ఏదో తేల్చుకోలేక అల్లాడిపోతోంది.

"ఇవాళ్టికి వదిలెయ్. పాపం, పొద్దుట్నుంచీ ఒక్క క్షణం కూర్చోలేదు" అన్నారు ఆఫీసరుగారు.

"ఎవరు?"

"ప్రాసెసరే!"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి లేచింది. "పై వాటాకి వెళ్తున్నా. వాళ్లు సీరియల్ వస్తున్నప్పుడే చూస్తారు."

"ప్రకటనలతోనా!"

"ప్రకటనలతోనే. అవి వస్తున్నంతసేపూ అక్కడ నన్నెవరూ ఏమీ తెమ్మని అడగరు" అని చక్కా పోయింది.

ఆ వెంటనే పాలు పొంగాయి. ఆఫీసరుగారు అటు పరుగెత్తేసరికి కూతురు భాగహారంలో శేషం ఎక్కడికి పోయిందని నిలదీసింది. శేషం వెతుకుతుంటే కాలింగ్ బెల్లు మోగింది. తలుపు తీయబోతుంటే అత్తగారు రాత్రి మాత్ర ఇమ్మన్నారు. తెల్లదా, గులాబీదా? ఆయన ధైర్యం చేసి గులాబీది అందించారు. అది కూతురి రబ్బరని అత్తగారు కొరికి చూసి నిర్ధారించారు. ఒంటికాలి చెప్పుతో ఇల్లంతా తిరిగి తిరిగి, చొక్కా తడిసి, మన దయామయుడు టేబుల్ ఫ్యాను ముందు చతికిలబడ్డారు. జీవితంలో మొదటిసారి ఆయన నూటికి నూరు శాతం పనిచేశారు.

భార్య వెలిగే ముఖంతో తిరిగొచ్చింది. "క్షమాపణ చెప్పిందమ్మా!" అని తల్లికి గట్టిగా చెప్పింది. ఆఫీసరుగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

"నాకివాళ తెలిసొచ్చిందే. ఇంత పని ఒక్కరి నెత్తిన పడెయ్యడం అన్యాయం. ఇన్నాళ్లూ నా కళ్ల ముందే జరుగుతున్నా పట్టించుకోలేదు. ఇక ఇలా సాగనివ్వను."

ఆవిడ పెళ్లయిన నాటి నుంచి ఈ మాట కోసమే చూస్తోంది. గబగబా తలూపింది.

"రేపే ఇంకో ప్రాసెసరు తెస్తాను" అన్నారాయన. "రెండూ పని పంచుకుంటాయి. కాకపోతే రోజూ మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవాలి. అది నువ్వు చూసుకుందువుగానిలే."

ఆవిడ చెయ్యి విడిపించుకుని, పొయ్యి మీద ఎండిపోయిన పాలు గోకడానికి వెళ్లింది. మర్నాడు, యంత్రాన్ని సైతం కష్టపెట్టని మహానుభావుడని వీధిలో మగవాళ్లంతా వచ్చి ఆయన్ని అభినందించి, తలో కప్పు టీ తాగి వెళ్లారు.

కథ అయిపోయింది. చదువుతూ మీరు తాగిన కప్పు అక్కడే వదిలేయండి. ఎలాగూ తీసేవాళ్లున్నారుగా.