సున్నం కొట్టేవాళ్ళు కావలెను

ఆదివారం సాయంత్రంలోగా మాటల వివక్షను మా ఊరినుంచి సమూలంగా నిర్మూలిస్తామని, ప్రభుత్వం మా ఊరికి వేసిన అధికారి, డెలిగేట్ లస్సాద్ గారు ప్రకటించారు. ఆయన గుమాస్తాగా ఆ ప్రకటన రాసింది నేనే. దేశానికి దక్షిణాన ఉన్న మా గాబెస్ ప్రాంతం మొత్తంలో ఇలాంటి ప్రజాకళ లేదనీ రాశాను, వెతికింది లేదు గానీ.

పద్ధతి తేలిక. జనం మనల్ని ఏ మాటతో కించపరిచారో మార్కెట్ గోడమీద రాయాలి. అన్నవాడు వచ్చి దానిమీద సున్నం కొట్టాలి.

రాయడానికి జనం విరగబడ్డారు. డెలిగేట్ గారు ‘పొట్టోడు’ అని రాసి కళ్ళు తుడుచుకున్నారు. రాజధానివాళ్ళు తనను ‘దక్షిణాది మొద్దు’ అన్నారని మందుల షాపాయన రాశాడు. నేను ‘బట్టతల’ అని రాశాను. ఇన్ని గాయాలతో బతుకుతున్న ఊరు మాదని గర్వం కలిగింది.

చివర్లో లెక్కల టీచరు నజ్వా వచ్చి ‘వసీఫా’ అని రాసింది. అంటే దాసి. నల్లగా పుట్టినవాళ్ళు ఎంత చదివినా మా ఊళ్ళో వాళ్ళ పిలుపు అదే. ఒక్కరు వచ్చి చెరిపినా చాలు, రేపు క్లాసులో తలెత్తుకుని పాఠం చెబుతానంది.

సాయంత్రమైంది. సున్నం బకెట్ దగ్గరికి నరపురుగు రాలేదు. మాటలు పడ్డవాళ్ళు ఊరినిండా ఉన్నారు, అన్నవాడే ఒక్కడూ లేడు. మర్నాడు వాలీ గారు, అంటే మా గవర్నరు, వస్తున్నారు, చూస్తే గోడనిండా తిట్లు. డెలిగేట్ గారి ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు, గోడ దగ్గరే ఎదురుచూస్తున్న నజ్వాను చూడగానే నాకో మహత్తరమైన ఆలోచన తట్టింది.

“టీచరమ్మా, పెళ్ళిళ్ళకి మా ఇళ్ళకి సున్నాలు కొట్టేది మీవాళ్ళే కదా. మీకైతే చెయ్యి తిరిగిన పని.”

ఆమె బకెట్లోంచి బ్రష్ తీసింది.

“మీవన్నీ కొట్టేస్తాను. నాది మాత్రం అన్నవాళ్ళే కొట్టాలండీ.”

పొట్టోడు పోయాడు, మొద్దు పోయాడు, నా బట్టతల కూడా నున్నగా మాయమైంది. ఆ తర్వాత ఆమె బ్రష్ పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని పొద్దుగూకేదాకా నిలబడింది. ఎదుటి కాఫీ కొట్లో కూర్చున్న మాకందరికీ సిగ్గేసింది. నేను లేచేవాణ్ణే, కాఫీ చల్లారిపోతుందని ఆగాను.

మర్నాడు వాలీ గారు తెల్లటి గోడను తనివితీరా చూశారు. మిగిలిన ఒక్క మాట దగ్గర ఆగి, ఇదేమిటని అడిగారు.

డెలిగేట్ గారు తడుముకోలేదు.

“సున్నం కొట్టినావిడ పేరండీ.”

వాలీ గారు మెచ్చుకోలుగా తలూపి, ఆ పేరుతోనే ఆమెను సన్మానానికి పిలిచారు. చప్పట్లు మొదలుపెట్టింది నేనే.