మూడో స్క్రూ

సెలవు రోజు పొద్దున, కాఫీ చల్లారేలోగా గంట బిగించేయాలని లిఫ్టు మెకానిక్కు అనుకున్నాడు. పని చిన్నది, అవసరం పెద్దది. అత్యవసర పిలుపుల కోసం కంపెనీ ఇచ్చిన పేజరు ఆ నెలలో రెండుసార్లు కూసింది. రెండుసార్లూ అతనికి వినపడలేదు. ఒకసారి అది దిండు కింద ఉంది, ఇంకోసారి ఉతకడానికి వేసిన చొక్కా జేబులో. "మూడోసారి రాకపోతే స్టోర్సులో కూర్చుని నట్లు ఏరుకుందువుగాని," అన్నాడు సూపర్‌వైజరు. పదిహేనేళ్ళుగా లిఫ్టుల మీదా కిందా బతికిన మనిషికి కుర్చీ కంటే పెద్ద శిక్ష తోచలేదు.

పేజరును నిలబెట్టే స్టాండు వెనక రిలే ఉంది. పిలుపు రాగానే తనంతట తాను కదిలే చిన్న స్విచ్చు అది. దాని స్క్రూలకు తీగలు చుట్టి, మూతబడిన బడి నుంచి తెచ్చిన కరెంటు గంటకు కలిపితే చాలు.

"స్క్రూలు మూడున్నాయి, తీగలు రెండే. ఏ రెంటికి బావా?" అన్నాడు టార్చి పట్టుకున్న బావమరిది. ఆయన డ్రాయింగు మాస్టారు.

"నడిమిదానికీ, ఎడమదానికీ. మూడోది ఊరికే ఇస్తారు."

"ఊరికే ఎవడిస్తున్నాడు బావా ఈ రోజుల్లో?"

తనకు తెలియనిదల్లా అనవసరమైనదిగా కనిపించే ఘడియ ప్రతి మనిషికీ ఒకటుంటుంది. అతనికి అది ఆ పొద్దున వచ్చింది.

తీగలు బిగించి గోడ స్విచ్చు వేశాడు. గంట గణగణ మోగింది. వంటింట్లో గిన్నెలూ, ఎదురింటి కిటికీ అద్దాలూ వంత పాడాయి.

"వచ్చేసింది! బిగించీ బిగించగానే పిలుపు!"

"ఎక్కడికో చూడండి ముందు," అంది భార్య చెవులు మూసుకుని.

పేజరు తెర మీద అక్షరం లేదు.

"రాత ఇంకా దార్లో ఉంది. గంట ముందొచ్చింది. ఎంత చురుగ్గా కట్టానో చూశావా! ఆఫీసుకెళ్ళే అడుగుతా."

"దీన్ని ఆపి వెళ్ళండి మహానుభావా!"

"ముట్టుకోకు! మెసేజీ పోతుంది!" అంటూ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి బావమరిది చెప్పు వేసుకుని సైకిలెక్కాడు.

గంట మోగుతూనే ఉంది. మేడమీది పెద్దాయన ఇల్లంటుకుందనుకుని పరుపు చుట్టుకుని దిగాడు. పక్కింటావిడ నిప్పు కనపడకపోయినా బిందెడు నీళ్ళు వరండాలో కుమ్మరించింది. ఎవరో ఫైరింజనుకు కబురు పెట్టారు.

ఇరవై నిమిషాల తర్వాత ఆఫీసులో, ఆపరేటరమ్మ పేజరుకు కబురు పంపి తలెత్తేసరికి మెకానిక్కు ఎదురుగా వగరుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏ లిఫ్టు?"

"మనదే! లోపల సూపర్‌వైజరుగారు! మీరేంటండీ, గాల్లో వచ్చారా?"

రెండు, మూడు అంతస్తుల నడుమ నుంచి బయటపడిన సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. "కబురెళ్ళిన ఎంతసేపటికి వచ్చాడితను?"

"నిమిషంలో సార్," అంది ఆపరేటరమ్మ.

"ఇల్లెంత దూరమయ్యా?"

"సైకిలు మీద ఇరవై నిమిషాలండీ. గంట కట్టాను లెండి."

ప్రాణం కుదుటపడిన మనిషి లెక్కలు వేయడు. "శభాష్!" అన్నాడాయన.

ఇంటికొచ్చేసరికి నిశ్శబ్దం. ఫైరింజనువాళ్ళు మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నారు.

"మీరెళ్ళిన ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగి చచ్చింది," అంది భార్య.

పేజరు తెర మీద రాత ఉంది: ఆఫీసు లిఫ్టు, త్వరగా. చదివి, పిలుపును ఆపే బటన్ నొక్కాడు. గంట మళ్ళీ అందుకుంది. ఫైరింజనువాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు తెలిసింది అతనికి: ఎడమ స్క్రూ రిలే ఊరికే ఉన్నప్పుడు నడిమిదానితో కలిసేది, పిలుపు వస్తే విడిపోయేది. పిలుపుకు గంట మోగించేది మూడోది.

గబగబా స్విచ్చు ఆపి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అంతలో ఐదుగురు మెకానిక్కులను వెంటబెట్టుకుని సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగు! ఒక్క తీగ కదపొద్దు. ఉన్నదున్నట్టు వీళ్ళు బొమ్మ గీసుకోవాలి."

"సార్, అందులో చిన్న పొరపాటు..."

"నీ వినయం తర్వాత. నిన్ను స్టోర్సుకు పంపే కాగితం ఇప్పుడే చింపేశాను."

మెకానిక్కు స్క్రూడ్రైవరును జేబులో పెట్టేసుకున్నాడు. బొమ్మను బావమరిదే శ్రద్ధగా గీసి పెట్టాడు.

ఇప్పుడు ఆరిళ్ళలో గంటలు రోజంతా మోగుతున్నాయి. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే మాత్రం ఓ ఇంట్లో గంట ఆగుతుంది, ఆ మెకానిక్కు పరుగెత్తాక ఇంట్లోవాళ్ళు కాసేపు కునుకు తీస్తారు.