డాక్టరుగారి ఉక్కు పెట్టె

ఇకమీదట అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ పసివాడి చేతికీ తుపాకీ అందదని పిల్లల డాక్టరు అచ్యుతరావుగారు 1986 దసరా సభలో ప్రకటించారు. చెకప్‌కి వచ్చిన ప్రతి తల్లినీ, "ఇంట్లో గన్ ఉందా? తాళం వేసి ఉంచారా?" అని స్వయంగా అడుగుతారట. వెయ్యకపోతే గన్ దాచుకునే ఉక్కు పెట్టె ఉచితం! హాలు దద్దరిల్లింది. కౌన్సిల్‌మన్‌గారు ఆయనకి శాలువా కప్పి, షీల్డుతో పాటు మొదటి పెట్టె బహూకరించారు.

ముందు వరసలో ఆయన భార్య ప్రమోద అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. డాక్టరుగారి పిస్తోలు ఉండేది వంటింట్లో, బియ్యం డబ్బాలో. డెట్రాయిట్ దొంగలకి అన్నం అలవాటు లేదని ఆయన సిద్ధాంతం. మొన్న ఆరేళ్ళ కూతురు రేణు బియ్యం కొలుస్తానంటూ డబ్బాలో చెయ్యి పెట్టబోతే ప్రమోదకి పై ప్రాణాలు పైనే పోయాయి. హమ్మయ్య, ఇవాళ్టితో ఆ భయం తీరిందనుకుంది పాపం.

ఇంటికి రాగానే డాక్టరుగారు శాలువా మడతపెట్టి, షీల్డుతో సహా పెట్టెలో పెట్టి తాళం వేశారు. వచ్చినవాళ్ళకి తెరిచి చూపించాలి కదా, తాళంచెవి టీవీ మీద ఉంచారు.

"ఏమండీ, ఆ పెట్టె పిస్తోలుకి కదా!"

"శాలువాకి చిమటలు పడితే? అయినా అదంతా పేషెంట్లకే. మన రేణు బంగారం."

"దాని వయసు ఆరేళ్ళండీ! మీకు దణ్ణం పెడతాను."

"ప్రమోదా, నేను ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యను. ఏదన్నా ఉంటే క్లినిక్‌లో."

సరే, అలాగే కానిమ్మనుకుంది ప్రమోద. మర్నాడే క్లినిక్‌కి ఫోన్ చేసి రేణు చెకప్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంది.

తీరా వెళ్తే, ఆ రోజే డాక్టరుగారి సేవని టీవీవాళ్ళు షూట్ చేస్తున్నారు. ఆవిడెవరో వాళ్ళకి తెలియదు. భార్యని చూసి డాక్టరుగారు నీళ్ళు నమిలారు. కానీ కెమెరా తిరుగుతోంది. ఇంగ్లీషులో అడగక తప్పలేదు.

"ఇంట్లో గన్ ఉందామ్మా?"

"ఉంది డాక్టర్. మా ఆయనది."

"ఎక్కడ?"

"బియ్యం డబ్బాలో. లోడ్ చేసే ఉంది."

డాక్టరుగారు కర్చీఫ్‌తో నుదురు తుడుచుకుని కెమెరా వైపు తిరిగారు. ఇలాంటి తండ్రుల్ని ఏమనాలి, వీళ్ళకి కన్నబిడ్డ మీద ప్రేమ ఉందా అని గొంతు గద్గదమయ్యేలా మాట్లాడారు. కెమెరామన్ కళ్ళు చెమర్చాయి. ప్రమోద చేతికి కొత్త పెట్టె అందింది. ఈ రాత్రికైనా పిస్తోలు దీన్లోకి వెళ్తుందని ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుంది.

అంతలో రేణు ఆయన కోటు పట్టుకు లాగింది.

"నాన్నా, తుపాకీ బియ్యంలో లేదు. నేనే శాలువా పెట్టెలో పెట్టేశాను. టీవీ మీద తాళంచెవి ఉంది కదా! శాలువా నా బొమ్మకి కప్పాను."

ప్రమోద చేతిలో పెట్టె దబ్బున కింద పడింది.

టీవీవాళ్ళకి తెలుగు రాదు. పాప ఏమంటోందని ముచ్చటపడి అడిగారు.

"పెట్టె చాలా బాగుందంటోంది," అన్నారు డాక్టరుగారు.