పదింటికి వేసుకోండి

ఇది ముమ్మాటికీ మీ నిర్వాకమే, కరెంటు ఆఫీసు పెద్దలారా! ఊరంతా ఇళ్లలోనే ఉండాలని ఉత్తర్వు వచ్చాక మీరు చేసిందేమిటి? తాళాలు పడ్డ ఆఫీసుల వీధిలో ఏనుగంత ట్రాన్స్‌ఫార్మరు పని లేక గుర్రుపెడుతోంది. జనం కిక్కిరిసిన ఇళ్ల వీధిలో ఎలుకపిల్లంత ట్రాన్స్‌ఫార్మరు నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మీరేమో "కరెంటుకు కొదవే లేదు, మిగిలిపోతోంది" అని టీవీలో మీసం మెలేశారు. కుర్చీలకు కరెంటు, మనుషులకు చీకటి!

ఆ చీకటి మీ కంప్లయింట్ల అమ్మాయి నెత్తినే పడింది. వార్డులో ఎవరింట్లో కరెంటు పోయినా ఫోను మోగేది ఆమె కంప్యూటర్లోనే. ఆ కంప్యూటరు ఇప్పుడు వంటింటి బల్ల మీదికి చేరింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అత్తగారు మిక్సీ వేయకముందే, డ్రిల్లు మాస్టారైన మొగుడు హాల్లో స్క్రీను ముందు ఆన్‌లైన్ క్లాసు గెంతులు మొదలెట్టకముందే, నాలుగు కాల్స్ ప్రశాంతంగా ముగించాలన్నది ఆ ఉదయం ఆమె ఆశ.

కూర్చుందో లేదో బల్బు మినుకుమంది, ఫోన్లు మొదలయ్యాయి. ఆమె పై అధికారికి ఫోను కలిపింది.

"లోడెక్కువైందమ్మా. మోటార్లు, వాషింగ్ మిషన్లు, ఇస్త్రీ పెట్టెలు ఇప్పుడొద్దు, పదింటికి వేసుకోమను. అందరికీ అదే చెప్పు. కాల్స్ మిస్సయ్యాయో, ఇంటికి పంపించేస్తా!"

'ఇప్పుడున్నదీ ఇంట్లోనే కదండీ' అన్న మాట ఆమె గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. వచ్చిన ప్రతి కాల్‌కీ పదింటి మాటే చెప్పింది. జనం పాపం మంచివాళ్లు, విన్నారు. పరుగుపందెంలో విజిల్ కోసం కాచుకున్నట్టు స్విచ్చుల మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నారు. పదయింది. అందరూ ఒక్కసారే నొక్కారు.

ఢామ్!

"నేను నీ మాట జవదాటలేదమ్మాయ్," అంది అత్తగారు మిక్సీ మూత చేత్తో పట్టుకుని. "పదంటే పదికే వేశాను."

బ్యాటరీ ఏనాడో చచ్చిన ఆ ముసలి కంప్యూటరు కూడా కన్నుమూసింది. వార్డులో ఎన్ని ఫోన్లు మోగుతున్నాయో, ఎత్తే నాథుడే లేడు. సొంత సెల్లు నుంచి అధికారికి మళ్లీ చేసింది.

"ఫ్యూజు వేయిస్తాలే. ఈసారి పదకొండింటికి వేసుకోమను."

"అయ్యో, అప్పుడూ అందరూ ఒకేసారి వేస్తారు కదండీ!"

"పైనుంచి వచ్చిన మాట. చెప్పింది చెయ్యి."

మేడెక్కి గొంతు చించుకుని వీధికంతా చాటింది. ఫ్యూజు వేసి లైన్‌మన్ వెళ్లిపోయాడు. కరెంటొచ్చినా కంప్యూటరు మాత్రం మళ్లీ కళ్లు తెరవలేదు. పదకొండింటికి ఢామ్‌తో పాటు ట్రాన్స్‌ఫార్మరు లోంచి పొగ కూడా వచ్చింది.

వీధి వీధంతా ఆమె గేటు ముందుకొచ్చింది.

"పదింటికన్నది నువ్వే, పదకొండింటికన్నదీ నువ్వే!" అరిచాడు ఎదురింటి టైలరు. "ప్యాంటు సగం కుట్టేసరికి మిషను ఆగిపోయింది, ఇదిగో. ఒంటికాలు ప్యాంటు ఎవడేసుకుంటాడమ్మా?"

"మా కోడల్ని అంటే ఊరుకోను," అత్తగారు అడ్డుపడింది. "అది పైవాళ్లు చెప్పిందే చెప్పింది. బుద్ధుంటే వినకుండా ఉండాల్సింది!"

"మీరు విన్నారు కదా, పిన్నిగారూ?"

"నాకు కోడలంటే భయం."

అంతలో సెల్లు మోగింది. అధికారి! ఉద్యోగం ఊడిందనుకుంటూ ఎత్తింది.

"శభాష్! పది దాటాక నీ వార్డు నుంచి ఒక్క ఫిర్యాదు నమోదు కాలేదు. పెద్దసారు పొంగిపోయారు. నీ ఉద్యోగం పర్మనెంటు! ఇదెలా సాధించావో రేపు అందరికీ చెప్పాలి."

ఆమె కళ్లు మెరిశాయి. ఊ అంటే చాలు, ఉద్యోగం చేతికొస్తుంది. ఎదురుగా చెమటలు కక్కుతున్న జనం. టైలరు చేతిలో ఒంటికాలు ప్యాంటు. ఒళ్లు మండింది. స్పీకరు నొక్కి సెల్లు గేటు మీద పెట్టింది.

"ఎలా సాధించానా? కరెంటు పోయి నా కంప్యూటరే చచ్చిందండీ! నమోదు కాని ఫిర్యాదులన్నీ ఇక్కడే నిలబడున్నాయి, వినండి."

వీధంతా ఒక్క గొంతయింది. ఆ హోరు ఆగాక అటునుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"చూడండీ, ఇలా కాదు. పద్ధతి ప్రకారం కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పుకోండి."

"ఆ కాల్ సెంటర్ని నేనే. చెప్పుకున్నారు, రాసుకున్నాను. ఆ ఖాళీ ఆఫీసుల ట్రాన్స్‌ఫార్మరు ఊడబెరికి సాయంత్రంలోగా మా వీధిలో బిగించండి. పదింటికి మాత్రం కాదు."