హైవే పక్కన మూడు కాళ్ల స్టాండు

ఉదయం ఏడు గంటలకు హైవే పక్కన ఒక ఇంటి ముందు హైవే ఆఫీసు ఇంజనీరు మూడు కాళ్ల స్టాండు మీద శబ్దం కొలిచే యంత్రం పెట్టాడు. ఏడుంపావుకు హైవే సద్దుమణిగింది.

ఆ ఇంటి కోడలు నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాలి. లారీల మోతకు నిద్ర పట్టక ఏడాదిగా అర్జీలు పెడుతోంది. సగటు శబ్దం అరవై అయిదు డెసిబెల్స్ దాటితే రోడ్డుకూ ఇంటికీ మధ్య గోడ కడతారు. కొలిచేది ఈ ఒక్క రోజే.

యంత్రం యాభై నాలుగు చూపించింది.

"మిషన్ పాడైందా?" అంది నర్సు.

ఇంజనీరు దాని ముందు నిలబడి గట్టిగా దగ్గాడు. అంకె ఎగిరింది. "మిషన్ బాగానే ఉందమ్మా. రోడ్డుకే ఏదో అయింది."

"రోజూ చెవులు చిల్లులు పడతాయి బాబూ," అంది అత్తగారు. "ఇవాళే ఈ బండ్లకి మర్యాదలు గుర్తొచ్చాయి."

ఒక లారీ మెల్లగా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, "సార్, నలభైలోనే వస్తున్నా. ఫొటో తీసేశారా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. స్టాండు మీది యంత్రాన్ని అందరూ స్పీడు కెమెరా అనుకుంటున్నారు.

ఇంజనీరు మైకు మాత్రం బయటికి వదిలి, యంత్రం మీద దుప్పటి కప్పాడు. దాచిన కెమెరా అనుకుని బండ్లు ఇంకా నెమ్మదించాయి.

అత్తగారు నడుం బిగించి రోడ్డంచుకు వెళ్లి చేతులు ఊపింది. "దూసుకుపోండి నాయనా! మా కోడలికి గోడ కావాలి!"

ముందు ప్రమాదం జరిగిందనుకుని ఒక కారు ఆగింది. దాని వెనక బస్సు, ఆ వెనక అన్నీ ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. యంత్రం ఎనభై ఆరు చూపించింది.

"దాటింది!" అంది నర్సు.

"ఆగిన బండ్ల హారన్లు లెక్కలోకి రావమ్మా."

"వినేది నేను కదండీ?"

"మీరు వినడం కూడా లెక్కలోకి రాదు."

అత్తగారిని లోపలికి పంపాక బండ్లు కదిలాయి, మెల్లగానే. ఏం చేయాలో పై అధికారిని అడగడానికి ఇంజనీరు యంత్రాన్ని అక్కడే వదిలి ఆఫీసుకు వెళ్లాడు.

సాయంత్రం తిరిగొచ్చి చూశాడు. హారన్లు తీసేస్తే సగటు యాభై మూడు. గోడ రాదని ఎలా చెప్పాలో తెలియక తలుపు తట్టాడు.

అత్తగారు తలుపు ఓరగా తీసింది. "ష్! పొద్దున పడుకున్న పిల్ల ఇంకా లేవలేదు."

"మిషన్ తీసుకెళ్లాలండీ."

"తీసుకెళ్లు నాయనా. ఆ మూడు కాళ్లూ, దుప్పటీ ఉంచెయ్."

గోడ మంజూరు కాలేదు. స్టాండు తిరిగి ఇమ్మని ఆఫీసు రెండు నోటీసులు పంపింది. నర్సు నిద్రలో ఉన్నందున అందజేయలేకపోయామని రెండూ తిరిగొచ్చాయి.