రెండు కిటికీల ఆఫీసు

పన్నెండింటికి వూకొసావా వచ్చేలోగా ఆఫీసులో గాలి ధారాళంగా ఆడాలని తిహొమిర్ ఆ ఉదయం గట్టిగా అనుకున్నాడు. వాల్యెవోలో ఇతరులకు ఆఫీసులు తీర్చిదిద్దిపెట్టే చిన్న సంస్థ అతనిది. పళ్లరసాల వ్యాపారం చేసే వూకొసావా తన కొత్త ఆఫీసు పని ఎవరికివ్వాలా అని ఊరంతా తిరుగుతోంది. "గీసిన బొమ్మలు వద్దు, మీరు కూర్చునే చోటు చూపించండి చాలు," అంది. ఈ పని దొరక్కపోతే సంస్థకు తాళం వేసి బావమరిది టైర్ల దుకాణంలో చేరాలి. బావమరిది ఇప్పటికే అతని కొలతకు నీలం చొక్కా కుట్టించి పెట్టాడు.

అందుకని తిహొమిర్ మధ్యగోడ కొట్టించి హాలుకు అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా పెద్ద కిటికీలు పెట్టించాడు. గాలి తగిలితే మనుషులు హుషారుగా పనిచేస్తారని డెన్మార్క్ పత్రికలో చదివాడు మరి. డెన్మార్క్ వాళ్ల మెడలు ఎలాంటివో గానీ, మా వాల్యెవోలో ఎదురెదురు కిటికీల మధ్య దూరే గాలిని ప్రొమాయ అంటారు. మెడ పట్టేసినా, కిడ్నీలు పాడైనా, చివరికి కాపురాలు చెడినా కారణం అదే. తిహొమిర్‌ను కన్నతల్లి బస్సులో రెండో కిటికీ తెరిచినవాణ్ణి దారిమధ్యలో దింపించింది. ఆ తల్లి కడుపున పుట్టి ఈ మనిషికి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో నాకైతే అర్థం కాదు.

ఫోన్లూ ఉత్తరాలూ చూసే ల్యుబింకా వచ్చి గుమ్మంలోనే ఆగింది. సంచిలోంచి ఉన్ని శాలువా తీసి మెడకు చుట్టుకుంది.

"రెండూ తెరిచావేం నాయనా? మమ్మల్ని చంపాలనుంటే నోటితో చెప్పొచ్చుగా."

"అది స్వచ్ఛమైన గాలి పిన్నీ."

"బయటున్నంతసేపూ స్వచ్ఛమైనదే. లోపలికొస్తే ప్రొమాయ."

నక్షాలు గీసే గ్రాదిమిర్ చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మడు. కాసేపయ్యాక, "నేను నమ్మననుకోండి బాస్, కానీ మెడ తిరగడం లేదు," అన్నాడు.

"కుర్చీ తిప్పుకో. చక్రాల కుర్చీ కొన్నది అందుకే."

ఆ మాటనేసి తిహొమిర్ అతిథి కోసం చీజ్ కూరిన రొట్టెలు, బురెక్‌లు తేవడానికి బేకరీకి వెళ్లాడు. అతను మలుపు తిరిగాడో లేదో, మిగిలిన ఇద్దరూ తమ బల్లల్ని నడవా దాటించి సామాన్ల గదిలోకి ఈడ్చుకుపోయారు. అందులో కిటికీ లేదు. బల్లలు మాత్రం ఒకదాన్నొకటి ఒరుసుకుని ఎలాగో పట్టాయి. ఖాళీ హాల్లో గాలికి అడ్డు లేకుండా పోయింది. హాలు తలుపు ధడాలున పడి, పిడి ఊడి, గడియ లోపలే బిగుసుకుపోయింది. ఆ తలుపు మళ్లీ తెరవాలన్న కోరిక ఇద్దరిలో ఎవరికీ లేదు.

బేకరీలో జనం ఎక్కువగా ఉన్నారు. తను లేనప్పుడు కిటికీలు మూసేసి ఉంటారని అనుమానమొచ్చి తిహొమిర్ ల్యుబింకాకు ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఆవిడ బయల్దేరిందట. రెండూ మూసి ఉంటే వెంటనే తెరిచెయ్యి."

ల్యుబింకా చుట్టూ చూసింది. కిటికీలు ఎలాగూ తెరిచే ఉన్నాయి. మూసి ఉన్నవి ఎదురుగా అరమీదున్న రెండు ప్లమ్ సారా సీసాలు. ఒప్పందం కుదిరిన రోజు తాగుదామని తిహొమిర్ దాచుకున్నవి.

"రెండూనా?"

"రెండూ. మొహమాటపడకు."

"చూశావా, మన మెడల సంగతి ఇప్పటికి తలకెక్కింది. ఎంతైనా మంచివాడు," అంటూ ల్యుబింకా మూతలు తీసింది. ప్రొమాయ కొట్టినవాడికి సారా మర్దనను మించిన మందు లేదు. "చొక్కా విప్పు," అంది గ్రాదిమిర్‌తో.

తిహొమిర్ తిరిగొచ్చేసరికి నడవా అంతా సారా కంపు. హాలు తలుపు రావడం లేదు. చేతిలో బురెక్‌లతో భుజం ఆనించి నెడుతుండగా వెనకనుంచి వూకొసావా గొంతు వినిపించింది.

"ఆ తలుపుతో ఎందుకండీ కుస్తీ? ఇది తెరిచే ఉందిగా," అని ఎదుటి సామాన్ల గదిలోకి నడిచింది. లోపల బల్లమీద గ్రాదిమిర్ వీపు ఆరబెట్టుకుని బోర్లా పడుకున్నాడు. ల్యుబింకా మోచేతుల దాకా తడిసి ఉంది.

వెనకే వచ్చిన తిహొమిర్ తన పని అయిపోయిందనుకున్నాడు. నీలం చొక్కా కళ్లముందు ఆడింది.

"ఏమైంది ఇతనికి?"

"ప్రొమాయ కొట్టింది," అంది ల్యుబింకా.

వూకొసావా మొహం మెత్తబడింది. "అయ్యో పాపం. కాస్త మిరియాలు కలపకపోయారా?" అంటూ వెనక తలుపు మూసి, కోటు విప్పి కూర్చుంది.

"అమ్మా, నిజానికి మా ఆఫీసు ఇది కాదు..." అని తిహొమిర్ మొదలుపెట్టాడు.

"ఆగండి. నెలరోజులుగా ఎన్ని ఆఫీసులు చూశానో, ఎక్కడా కోటు విప్పలేదు. ఎక్కడ చూసినా అద్దాలు, కిటికీలు, ఈదురుగాలి. ఇక్కడ దీపం పెట్టినా రెపరెపలాడదు. పైగా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు. ఈ ఆలోచన ఎవరిది?"

ల్యుబింకా, గ్రాదిమిర్ ఇద్దరూ తిహొమిర్ వైపు చూశారు. అతను బురెక్‌ల పొట్లం ఆవిడ ముందు పెట్టాడు.

"నాదేనండి. చాలాకాలం పరిశీలించి చేశాను."

"మా వాళ్లందరికీ సరిపడేలా ఇదే గీయండి. కిటికీ ఒక్కటి చాలు. అదీ తెరుచుకోకూడదు."

ఆవిడ రెండు బురెక్‌లు తిని, అక్కడికక్కడే సంతకం పెట్టి వెళ్లింది. తిహొమిర్‌కు ప్రాణం లేచొచ్చింది. బల్లలు వెనక్కి మారుద్దామన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు, అతనితో సహా. కొత్త హాల్లో ఇప్పుడు రోజంతా హుషారుగా పనిచేస్తున్నది గాలి ఒక్కటే.